రెడీ బయోడిగ్రేడబిలిటీ టెస్టులో గ్రాఫు తేడా కొడితే, ముందు తోడు చూడండి

కెమికల్‌ని సూక్ష్మజీవులు తేలిగ్గా తినేయగలవా అని చూసేదే రెడీ బయోడిగ్రేడబిలిటీ టెస్టు. హైదరాబాద్ నాచారంలోని మా ల్యాబ్‌కి దీనికోసం శాంపిల్ పంపేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మా కెమికల్ పాసా, ఫెయిలా?" టెస్టు మధ్యలో గ్రాఫు వంకర తిరిగితే మాకూ ముందు ఆ కెమికల్ మీదే అనుమానం పోతుంది. నా అనుభవంలో తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు, టెస్టు మొదలైన రోజు పొద్దున ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి తెచ్చిన స్లడ్జ్ క్యాన్‌లో ఉంటుంది. పాలు తోడుకోకపోతే పాలని తిట్టి లాభమేముంది? సూక్ష్మజీవులతో నిండిన ఆ స్లడ్జ్‌ని, అంటే బురదని, మేం తోడు అనే పిలుస్తాం. ఇక్కడా అదే మాట వాడతాను.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ టెస్టుకి అంతర్జాతీయ నియమావళి ఓఈసీడీ 301. దాని కింద ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు పద్ధతులున్నాయి. అన్నిటిలోనూ సూత్రం ఒకటే: ఖనిజ లవణాలు కలిపిన నీళ్లలో కొంచెం తోడు వేసి, తిండిగా మన పదార్థం ఒక్కటే పెట్టి, 28 రోజులు చూడడం. లెక్క ప్రకారం పట్టాల్సిన ఆక్సిజన్‌లో, లేదా రావాల్సిన కార్బన్ డయాక్సైడ్‌లో 60 శాతం చేరాలి. 301ఏ లాంటి, కరిగిన ఆర్గానిక్ కార్బన్ కొలిచే పద్ధతుల్లోనైతే 70 శాతం తగ్గాలి. అదీ, 301సీలో తప్ప, 10 శాతం దాటిన రోజు నుంచి పది రోజుల్లోపు జరగాలి.

పదార్థం ఉన్న సీసాల పక్కన మరో మూడు రకాల సీసాలుంటాయి. తోడు మాత్రమే ఉన్నది బ్లాంక్. సోడియం బెంజోయేట్ లాంటి తేలిగ్గా అరిగే పదార్థం ఉన్నది రిఫరెన్స్. మన పదార్థం, రిఫరెన్స్ పదార్థం రెండూ కలిపింది టాక్సిసిటీ కంట్రోల్. ఏ తేడా వచ్చినా బ్లాంక్, రిఫరెన్స్, టాక్సిసిటీ కంట్రోల్, ఆ తర్వాతే అసలు పదార్థం, ఈ వరసలో చూడండి.

రిఫరెన్స్ 14 రోజులకి కూడా 60 దాటలేదు

ఇది వస్తే టెస్టు చెల్లదు, వాదన అనవసరం. కారణం దాదాపు ఎప్పుడూ చచ్చిన తోడే.

ఒక మే నెలలో మా కుర్రాడు క్యాన్ అంచుదాకా నింపి, మూత బిగించి, ఆటోలో తెచ్చాడు. దారంతా ట్రాఫిక్. "ఏంది సార్ ఈ కంపు?" అని ఆటో అతను దారిలో రెండుసార్లు ఆపాడట. క్యాన్ తెరిస్తే కుళ్లిన గుడ్డు వాసన, గోధుమ రంగులో ఉండాల్సిన స్లడ్జ్ నల్లగా ఉంది. గాలి అందక చచ్చింది. ఆటో అతనికి అర్థమైంది మాకు అర్థం కాలేదు. "ఇంత దూరం తెచ్చాం కదా" అని వాడేశాం. పద్నాలుగో రోజుకి బెంజోయేట్ 38 శాతం దగ్గర కూర్చుంది.

అప్పటి నుంచి క్యాన్ సగమే నింపుతాం, మూత వదులుగా పెడతాం, ఎండ ఎక్కకముందే బయల్దేరతాం. రాగానే గాలి పంపు పెట్టి అదే రోజు వాడతాం.

ఎక్కడ ముంచుతున్నారో కూడా చూడండి. అంబర్‌పేటలోని పెద్ద ఎస్టీపీ యూఏఎస్‌బీ పద్ధతిది. ఆ రియాక్టర్‌లో ఉండేది గాలి లేకుండా బతికే స్లడ్జ్, ఈ టెస్టుకి పనికిరాదు. గాలి కొట్టే ట్యాంకు నుంచే తీసుకోవాలి. జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) కొత్తగా కట్టిన ప్లాంట్లలో ఎక్కువగా ఎస్‌బీఆర్ పద్ధతి ఉంది, అంటే ఒకే ట్యాంకులో కాసేపు గాలి ఆడించి, కాసేపు ఆపి తేర్చే పద్ధతి. అక్కడైతే గాలి ఆడుతున్న దశలో వెళ్లి తీసుకోండి. అడిగితే ఆపరేటర్లే సమయం చెప్తారు.

తోడు బాగున్నా రిఫరెన్స్ పడిపోయిందంటే లవణాల ద్రావణాలు చూడండి. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం నిలవ ఉంటే అడుగున తుప్పు రంగు పేరుకుంటుంది. అప్పటికప్పుడు చేసుకోవాలి, లేదా ఒక చుక్క ఆమ్లమో ఈడీటీఏనో కలిపి ఉంచాలి.

బ్లాంకే ఎక్కువ ఆక్సిజన్ తాగేస్తోంది

301ఎఫ్‌లో, అంటే ప్రెషర్ కొలిచే సీసాల పద్ధతిలో, బ్లాంక్ 28 రోజుల్లో లీటరుకి 20 నుంచి 30 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తీసుకోవడం మామూలు. 60 దాటకూడదు. 301బీలో, అంటే కార్బన్ డయాక్సైడ్ కొలిచే పద్ధతిలో, బ్లాంక్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ లీటరుకి 40 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. క్లోజ్డ్ బాటిల్‌లో, అంటే సీసా నిండా నీళ్లు నింపి మూసేసే పద్ధతిలో, బ్లాంక్ తినే ఆక్సిజన్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

దాటుతోందంటే తోడు తనతోపాటు సద్దిమూట కూడా తెచ్చుకుందన్నమాట. మురుగు నీళ్లలోని తిండి దానికింకా అంటుకునే ఉంది. లవణాల నీళ్లతో రెండు మూడు సార్లు కడగండి: తేర్చడం, పైనీళ్లు వంచేయడం, మళ్లీ కలపడం. తర్వాత పదార్థం ఏదీ వేయకుండా టెస్టు ఉష్ణోగ్రత దగ్గరే ఐదు నుంచి ఏడు రోజులు గాలి ఆడిస్తే మిగిలింది కూడా తినేస్తుంది. ఇది నియమాలు ఒప్పుకునే పనే, కంగారు పడకండి.

రెండో కారణం మోతాదు. ఎండబెట్టి తూచకుండా "సుమారుగా ఇంత" అని పోస్తే లీటరుకి 30 మిల్లీగ్రాముల పరిమితి ఎప్పుడు దాటిందో తెలియదు. మూడోది నీళ్లు. నీళ్లని శుద్ధి చేసే డీఅయనైజర్‌లోని రెసిన్ పాతబడితే అదే కార్బన్ వదులుతుంది. మనం వేసే పదార్థం కార్బన్‌లో పదో వంతుకి మించి నీళ్లలో ఉండకూడదు. ఈ మూడోది పట్టుకోడానికి మాకు రెండు టెస్టులు వృథా అయ్యాయి.

గ్రాఫు రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంది

ఇది హైదరాబాద్ ఎండాకాలం జబ్బు. ప్రెషర్ సీసాలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే మూడు హెక్టోపాస్కల్స్ పైచిలుకు తేడా వస్తుంది. మీటర్‌కి అది సూక్ష్మజీవుల పనిలాగే కనిపిస్తుంది. ఈ ప్రెషర్ టెస్టుకి 22 డిగ్రీలు కావాలి, ఒకటి అటూ ఇటూ. బయట 42 ఉన్నప్పుడు వేడి చేయడమే తప్ప చల్లబరచడం రాని ఇంక్యుబేటర్‌తో ఇది జరిగే పని కాదు. కూలింగ్ ఉన్నదే కొనండి, దాన్ని యూపీఎస్ లైన్‌లో పెట్టండి.

ఇంకో పొరపాటు మన దేశానికే ప్రత్యేకం. నీళ్ల కాలుష్యం కొలిచే మన బీఓడీ పద్ధతి 27 డిగ్రీల్లో మూడు రోజులు. ల్యాబుల్లో బీఓడీ ఇంక్యుబేటర్ ఎప్పుడూ 27 మీదే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఈ సీసాలని కూడా అందులోనే పెట్టేస్తారు. గ్రాఫు చక్కగా, నున్నగా వస్తుంది. టెస్టు మాత్రం చెల్లదు. తలుపు మీద పెద్ద అక్షరాలతో 22 అని రాసి అతికించడం కంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

క్లోజ్డ్ బాటిల్‌లో ఆక్సిజన్ అయిపోయింది

28 రోజుల్లో ఎప్పుడైనా ఆక్సిజన్ 0.5 మిల్లీగ్రాముల కిందికి పోతే ఫలితం పనికిరాదు. సముద్రమట్టం దగ్గర 22 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 8.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. మనం 500 మీటర్లకి పైన ఉన్నాం, ఇక్కడ 8.2 దగ్గరే ఆగిపోతుంది. అందులో బ్లాంక్ వాటా 1.5, అడుగున మిగలాల్సింది 0.5 తీసేస్తే పదార్థానికి చిక్కేది 6.2. అనిలిన్‌నే తీసుకోండి, గ్రాముకి 2.4 గ్రాముల ఆక్సిజన్ తింటుంది. 2 మిల్లీగ్రాములు వేస్తే సరిపోతుంది. 5 వేస్తే 12 కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు?

శాతం 100 దాటింది

ఇక్కడ దొంగ నైట్రోజన్. పదార్థంలో నైట్రోజన్ ఉంటే బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా వదిలి ఊరుకోవచ్చు, లేదా నైట్రేట్ దాకా తీసుకెళ్లొచ్చు. రెండో దారికి ఆక్సిజన్ ఎక్కువ పడుతుంది. అదే అనిలిన్ నైట్రేట్ దాకా పోతే గ్రాముకి 3.09 గ్రాములు. 2.41తో భాగించి కూర్చుంటే 128 శాతం దాకా వచ్చేస్తుంది. చివరి రోజు నైట్రైట్, నైట్రేట్ కొలిచి ఆ మేరకు లెక్క సరిచేయండి. నైట్రోజనే లేని పదార్థానికి 100 దాటిందా? అయితే లేబుల్ చూడండి, మిగిలిపోయిన సాల్వెంట్ ఏదైనా లెక్కలో తప్పి ఉంటుంది.

బేరియం సీసాలన్నీ ఒకేసారి తెల్లబడుతున్నాయి

ఇది 301బీ చేసేవాళ్లకి. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేవి బేరియం హైడ్రాక్సైడ్ సీసాలు, అది తగిలితే తెల్లబడతాయి. బ్లాంక్ వైపు కూడా తెల్లబడుతోందంటే లోపలికి వచ్చే గాలిలోనే కార్బన్ డయాక్సైడ్ ఉంది, దాన్ని పీల్చుకునే సోడాలైమ్ మార్చండి. పదార్థం వైపు మాత్రమే మూడో సీసా మబ్బుగా ఉందంటే గాలి వేగం ఎక్కువైంది, లేదా మొదటి సీసాని టైట్రేషన్‌కి తీయడం ఆలస్యమైంది. ఆఖరి రోజు ఆమ్లం వేసి రాత్రంతా గాలి పంపడం మరిచిపోతే, నీళ్లలో కరిగి ఉన్న వాయువు లెక్కలోకి రాదు.

రిఫరెన్స్ బాగుంది, మన పదార్థం మాత్రం కదలడం లేదు

ఇప్పుడు పదార్థాన్ని అనుమానించొచ్చు. టాక్సిసిటీ కంట్రోల్ 14 రోజుల్లో 25 శాతం చేరకపోతే, ఆ మోతాదులో మన పదార్థమే తోడుని చంపుతోంది. 301ఎఫ్‌లో లీటరుకి 100 మిల్లీగ్రాములు వేస్తాం, అది చాలా పదార్థాలకి ఎక్కువే. క్లోజ్డ్ బాటిల్‌కి మారి 2 మిల్లీగ్రాములతో చేయండి.

కంట్రోల్ కూడా బాగుంటే సీసా వంక చూడండి. నూనెలా పైన తేలుతోందా, గోడకి అంటుకుందా? అలాంటప్పుడు అల్ట్రాసోనిక్ బాత్‌లో చెదరగొట్టాలి. లేదంటే ఆవిరయ్యే సాల్వెంట్‌లో కరిగించి గాజు మీద పూతగా వేసి, సాల్వెంట్ పూర్తిగా పోయాక నీళ్లు పోయాలి. పదార్థమే ఆవిరయ్యేదైతే 301ఏ, 301బీ వద్దు. మూసిన సీసాలో పైన గాలి ఖాళీ ఉంచి చేసే 310 ఉంది.

ఇవన్నీ చూశాక కూడా గీత నేల మీదే ఉంటే, అది నిజంగానే తేలిగ్గా అరగని పదార్థం.

మరీ బాగా వచ్చింది

దీని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, అందుకే ప్రమాదం. ఒక క్లయింటు "మీకెందుకు శ్రమ" అంటూ తన ఫ్యాక్టరీ నీళ్లు వెళ్లే ఉమ్మడి ఎఫ్లుయెంట్ ప్లాంటు నుంచి స్లడ్జ్ తానే పంపాడు. మూడో రోజుకే 60 దాటింది. దాటక ఏం చేస్తుంది? ఏళ్ల తరబడి అదే కెమికల్ తిని అలవాటు పడ్డ తోడు అది. ముందు పరిచయం లేని మామూలు ఇళ్ల మురుగు తోడు తింటుందా అన్నదే ఈ టెస్టు అడిగే ప్రశ్న. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి చోట్ల పరిశ్రమల నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ల స్లడ్జ్ దీనికి పనికిరాదు. ఆ ఫలితం పక్కన పెట్టి, ఇళ్ల మురుగు ఎస్టీపీ తోడుతో మళ్లీ చేశాం. 28 రోజులకి 64 వచ్చింది, కానీ 10 నుంచి 60కి చేరడానికి 16 రోజులు పట్టింది. కాబట్టి రెడీ కాదు. క్లయింటు మొహం మాడ్చుకున్నాడు. 302 కింద ఇన్‌హెరెంట్ టెస్టు (ఎక్కువ అవకాశం ఇచ్చి, అసలు అరుగుతుందా అని చూసేది) చేయించుకోవచ్చని చెప్పి, రిపోర్టులో 64ని, ఆ 16 రోజుల్ని పక్కపక్కనే రాసిచ్చాం.