ఫోల్డర్ జాబితాను పేజీలో చూపించే ముందు

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు, నోట్స్ ఫోల్డర్‌లో ఏది వేసినా సైట్‌లో దానంతట అదే కనబడాలన్నారు. పని చిన్నదే, కానీ ముందు ఇవి చూసుకోండి.

• ఫోల్డర్ మొత్తం ఒకసారి మీరే తెరిచి చూడండి. నేను చూడలేదు. ఫీజు బాకీల ఎక్సెల్ షీట్ కూడా పిల్లలందరికీ కనబడింది! అపాచీ (సైట్‌ని నడిపే వెబ్ సర్వర్) సెట్టింగుల్లో ఇండెక్స్‌ఇగ్నోర్ (IndexIgnore) రాస్తే జాబితాలో పేరు కనబడదు, అంతే. లింకు తెలిసినవాళ్లకి ఫైలు తెరుచుకుంటుంది. దాచాల్సినవి, పాత బ్యాకప్ జిప్‌లతో సహా, వెబ్ రూట్ (సైట్ ద్వారా బయటివాళ్లకి అందే ఫోల్డర్) బయట పెట్టండి.

• అపాచీ తయారుచేసి ఇచ్చే ఫోల్డర్ జాబితా దానికదే పూర్తి హెచ్‌టీఎంఎల్ పేజీ. అలాగే తెచ్చి మీ పేజీలో అతికిస్తే రెండు హెడ్‌లు, రెండు బాడీలు అవుతాయి. ఎంజిన్‌ఎక్స్ (nginx, ఇంకో వెబ్ సర్వర్) అయితే ఆటోఇండెక్స్‌ని, అంటే అది ఇచ్చే జాబితాని, పేజీలా కాకుండా జేసన్‌లో (JSON, ఉత్త డేటా రూపంలో) ఇవ్వమని అడగొచ్చు, హాయి.

• పీహెచ్‌పీలో స్కాన్‌డిర్ (scandir, ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లిచ్చే ఫంక్షన్) వాడుతూ ఫోల్డర్ పేరు యూఆర్‌ఎల్ నుంచి తీసుకుంటున్నారా? రెండు చుక్కలు, ఒక స్లాష్ కొట్టి ఎవడైనా పై ఫోల్డర్లలోకి పోతాడు. రియల్‌పాత్ (realpath) ఫంక్షన్‌తో అసలు దారి తెలుసుకుని, అది మీ ఫోల్డర్ లోపలే ఉందో లేదో సరిచూడండి.

• ఫైల్ పేర్లను ఎస్కేప్ చేయండి, అంటే పేరులోని <, & లాంటి గుర్తులు పేజీలో కోడ్‌గా మారకుండా చూడండి. స్పేస్‌లు, తెలుగు పేర్లు ఉన్నవాటి లింకులు నొక్కి చూడండి.