ఇంగ్లండ్‌లో కళలకు పేరున్న ప్రభుత్వ సెకండరీ స్కూలు: ఇయర్ 7 ప్రవేశానికి దరఖాస్తు విధానం

ఇంగ్లండ్‌లో ఇయర్ 6 (ప్రైమరీ స్కూలు చివరి తరగతి) చదువుతున్న పిల్లలు ఆ మరుసటి సెప్టెంబరులో సెకండరీ స్కూల్లో ఇయర్ 7లో చేరతారు. ప్రైమరీ స్కూలు తనంతట తానుగా వారిని పై స్కూలుకు పంపదు. తల్లిదండ్రులే దరఖాస్తు చేసుకోవాలి. ఉదాహరణకు 2015 సెప్టెంబరు 1 నుంచి 2016 ఆగస్టు 31 వరకు పుట్టిన పిల్లలు 2027 సెప్టెంబరులో ఇయర్ 7లోకి వెళ్తారు కనుక, వారి దరఖాస్తు 2026 అక్టోబరు 31లోగా అందాలి. ఇంతవరకు అన్ని ప్రభుత్వ స్కూళ్లకూ ఒకటే పద్ధతి. అయితే సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళలకు పేరుపడ్డ స్కూల్లో సీటు కోరుకునే కుటుంబాలు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. అటువంటి స్కూలు పిల్లల కళాభిరుచిని పరీక్షించి కొన్ని సీట్లు ఇస్తున్నట్లయితే, కౌన్సిల్‌కు (స్థానిక ప్రభుత్వ సంస్థకు) పెట్టే దరఖాస్తుతో పాటు ఆ స్కూలుకు విడిగా మరో ఫారం ఇవ్వాల్సి ఉంటుంది. ఆ ఫారం గడువు కౌన్సిల్ గడువు కంటే చాలా ముందే ముగుస్తుంది. అక్టోబరు చివరి దాకా సమయం ఉంది కదా అని ఆగిన కుటుంబం, బిడ్డకు ఎంత ప్రతిభ ఉన్నా ఆ సీట్ల పోటీలోకి రాలేదు.

ఆ స్కూలులో ఏమి దొరుకుతుంది

ఇది ప్రభుత్వ నిధులతో నడిచే స్కూలు కాబట్టి చదువుకు ఫీజు లేదు. ప్రవేశ ప్రక్రియలో ఏ దశలోనూ డొనేషన్ గానీ, డిపాజిట్ గానీ, పరీక్ష రుసుము గానీ అడగకూడదని ప్రవేశాలపై ప్రభుత్వ నియమావళి అయిన స్కూల్ అడ్మిషన్స్ కోడ్ స్పష్టంగా చెబుతోంది. స్కూలు సమయంలో చెప్పే పాఠాలకు డబ్బు తీసుకోరు. విద్యార్థికి ఒంటరిగా గానీ, చిన్న బృందంగా గానీ వయొలిన్, పియానో వంటి వాయిద్యాలు నేర్పే ప్రత్యేక తరగతులకు మాత్రం స్కూలు రుసుము తీసుకోవచ్చు. ఆ వాయిద్య శిక్షణ విద్యార్థి రాయబోయే పబ్లిక్ పరీక్ష సిలబస్‌లో భాగమైతే అదీ ఉచితంగానే ఇవ్వాలి. విహారయాత్రలకు, నాటక ప్రదర్శనలు చూడడానికి స్వచ్ఛంద విరాళం అడిగినప్పుడు, అది చెల్లించలేని కుటుంబంలోని బిడ్డను ఆ కారణంగా వదిలివెళ్లడానికి వీల్లేదు. యూనిఫాం ఖర్చు కుటుంబానిదే.

జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం 14 ఏళ్ల వరకు చిత్రకళ, సంగీతం అందరికీ ఉండే పాఠ్యాంశాలు. నాటకాన్ని ఇంగ్లిష్‌లో భాగంగా, నృత్యాన్ని వ్యాయామ విద్యలో భాగంగా నేర్పుతారు. కళలపై దృష్టిపెట్టిన స్కూల్లో ఇవి విడివిడి సబ్జెక్టులుగా, ఎక్కువ పీరియడ్లతో, ఆ విద్యలో శిక్షణ పొందిన టీచర్ల చేతుల్లో ఉంటాయి. కళల స్కూలైతే గణితం, సైన్సు వెనకబడతాయేమోనన్న భయం చాలామంది తల్లిదండ్రుల్లో కనిపిస్తుంది. ఇంగ్లిష్, గణితం, సైన్సు 16 ఏళ్ల దాకా తప్పనిసరి. 16 ఏళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో కళలు వాటికి అదనంగా ఎంచుకునే సబ్జెక్టులు మాత్రమే.

ఆ సబ్జెక్టులు కూడా తేలికపాటివి కావు. జీసీఎస్ఈ ఆర్ట్ అండ్ డిజైన్‌లో 60 శాతం మార్కులు విద్యార్థి నెలల తరబడి తయారుచేసిన పోర్ట్‌ఫోలియోకు, మిగతా 40 శాతం పరీక్ష బోర్డు ఇచ్చే పనికి ఉంటాయి. ఆ ప్రశ్నపత్రం జనవరిలోనే చేతికి వస్తుంది. విద్యార్థి వారాలపాటు స్కెచ్‌బుక్‌లో ఆలోచనలు పెంచుకుని, చివరికి టీచర్ల పర్యవేక్షణలో పది గంటలు కూర్చుని తుది చిత్రాన్నో, శిల్పాన్నో పూర్తిచేస్తాడు. సంగీతంలో గానం లేదా వాద్యానికి 30 శాతం, సొంత రచనకు 30 శాతం, విని రాసే పరీక్షకు 40 శాతం మార్కులు.

స్కూలు పేరులో ఆర్ట్స్ కాలేజీ అన్న మాట ఉందన్న ఒక్కదాన్నే నమ్మి దరఖాస్తు పెట్టడం మంచిది కాదు. 1990ల్లో మొదలైన స్పెషలిస్ట్ స్కూళ్ల పథకం కింద చాలా స్కూళ్లకు ఆ హోదా, దానితో పాటు ప్రత్యేక నిధులు వచ్చాయి. ఆ నిధులు 2011లో ఆగిపోయాయి. కొన్ని స్కూళ్లు ఆ సంప్రదాయాన్ని శ్రద్ధగా నిలబెట్టుకున్నాయి, కొన్నింటిలో పేరు మాత్రమే మిగిలింది. అందువల్ల సెప్టెంబరు, అక్టోబరుల్లో జరిగే ఓపెన్ ఈవెనింగ్‌కు వెళ్లినప్పుడు హాలులో వేసిన ప్రదర్శన చూసి మురిసిపోవడంతో ఆగకుండా, ఇయర్ 7 టైంటేబుల్ అడిగి తీసుకుని వారానికి ఎన్ని పీరియడ్లు కళలకు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఇయర్ 10లో నిరుడు సంగీతం, నాటకం తరగతులు నిజంగా నడిచాయా, లేక చాలినంతమంది చేరలేదని రద్దు చేశారా అన్నది కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు ఏ కరపత్రంకన్నా ఎక్కువ చెబుతుంది.

ఎవరు దరఖాస్తు చేయవచ్చు

దరఖాస్తు మీరు నివసిస్తున్న ప్రాంతపు కౌన్సిల్‌కే వెళ్లాలి. కోరుకునే స్కూలు పక్క కౌన్సిల్ పరిధిలో ఉన్నా పద్ధతి ఇదే. భారతదేశం నుంచి స్కిల్డ్ వర్కర్ వంటి వీసాలపై వచ్చినవారి డిపెండెంట్ పిల్లలు ప్రభుత్వ స్కూల్లో చదువుకోవచ్చు. వీసాపై "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందే వీల్లేదు) అని రాసి ఉండడం చూసి మన కుటుంబాలు కొన్ని వెనుకాడతాయి. ప్రభుత్వ స్కూలు విద్య ఆ షరతు కిందికి రాదు. విజిటర్ వీసా మాత్రం ఇందుకు పనికిరాదు.

ఆప్టిట్యూడ్ సీట్లు, స్కూలుకు ఇచ్చే ఫారం

ప్రత్యేక దృష్టి ఉన్న ప్రభుత్వ స్కూలు తన సీట్లలో గరిష్ఠంగా 10 శాతాన్ని ప్రదర్శన కళలు, దృశ్య కళలు, క్రీడలు, ఆధునిక విదేశీ భాషల వంటి వాటిలో సహజాభిరుచి ఆధారంగా ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది. ఇయర్ 7లో 180 సీట్లుంటే 18కి మించి ఇలా ఇవ్వడం కుదరదు. మిగిలిన సీట్లన్నీ మామూలు నిబంధనలపైనే నిండుతాయి. అంటే ఆడిషన్ ఇవ్వని బిడ్డకు కూడా, దగ్గరలో ఇల్లు ఉంటే, అదే స్టూడియో, అదే టీచర్లు అందుబాటులోకి వస్తారు.

ఈ సీట్లు కావాలంటే స్కూలు వెబ్‌సైట్‌లో ఉండే సప్లిమెంటరీ ఇన్ఫర్మేషన్ ఫారం నింపి నేరుగా స్కూలుకు పంపాలి. చాలాచోట్ల ఈ నమోదు ఇయర్ 5 చివర్లో, అంటే వేసవి సెలవుల ముందే మొదలై సెప్టెంబరు మొదట్లో ముగుస్తుంది. అక్టోబరు 31లోగా తల్లిదండ్రులకు ఫలితం తెలిసేలా స్కూలు అన్ని ప్రయత్నాలూ చేయాలి కాబట్టి పరీక్షలు సెప్టెంబరులోనే జరుగుతుంటాయి. ఆ ఫారంలో తల్లిదండ్రుల ఉద్యోగం, ఆదాయం, వైవాహిక స్థితి, మాతృభాష వంటివి అడగకూడదు. అడిగితే ఆ గళ్లను ఖాళీగా వదిలేసే హక్కు మీకుంది.

పరీక్ష స్వరూపం స్కూలును బట్టి మారుతుంది. సంగీతానికైతే తరచుగా విని సమాధానం గుర్తించే పరీక్ష పెడతారు. రెండు స్వరాలు వినిపించి రెండోది పైకి వెళ్లిందా కిందికి దిగిందా అని అడుగుతారు. ఒక చిన్న లయను రెండుసార్లు వాయించి ఏ దెబ్బ దగ్గర మారిందో గుర్తించమంటారు. కలిపి మోగించిన స్వరాలు రెండా, మూడా, నాలుగా అని అడుగుతారు. చిత్రకళకైతే బల్లమీద పెట్టిన వస్తువును చూసి గీయమనడం, నాటక నృత్యాలకైతే బృందంగా వర్క్‌షాప్ చేయించడం సాధారణం. ఇక్కడ కొలిచేది నేర్చుకోగల స్వభావాన్ని. ఇప్పటికే నేర్చుకున్నదాన్ని కాదు. గ్రేడ్ పరీక్షల సర్టిఫికెట్లు లేవని ఏ బిడ్డనూ వెనక్కి లాగవద్దు. కర్ణాటక సంగీతమో, మృదంగమో, కూచిపూడో నేర్చుకుంటున్న బిడ్డకు లయ, స్మృతి ఇప్పటికే పదునుగా ఉంటాయి. పాశ్చాత్య సంగీతం రాదన్న సంకోచం అక్కర్లేదు. ఆడిషన్‌లో సొంతంగా ఎంచుకున్న అంశం ప్రదర్శించమంటే దాన్నే ప్రదర్శించవచ్చా అని స్కూలును ముందే అడిగి ఉంచుకోవడం మేలు.

పరీక్షలో మంచి స్థానం వచ్చినా పని పూర్తయినట్లు కాదు. ఆ స్కూలు పేరు కౌన్సిల్ ఫారంలో లేకపోతే ఆ సీటు మీకు ఇవ్వలేరు.

కౌన్సిల్ దరఖాస్తు

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి కామన్ అప్లికేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. కాగితం ఫారం కావాలన్నా ఇస్తారు. కనీసం మూడు స్కూళ్లు రాసే వీలు ప్రతి కౌన్సిల్ ఇవ్వాలి. లండన్‌లో ఆరు రాయవచ్చు. అత్యంత ఇష్టమైన స్కూలును మొదట రాయాలి. రెండో స్థానంలో రాస్తే ఆ స్కూలు చిన్నబుచ్చుకుంటుందన్న అపోహ మన వాట్సాప్ గ్రూపుల్లో బలంగా ఉంది. మీరు ఎన్నో స్థానంలో రాశారన్న దాన్ని బట్టి స్కూలు మీకు ప్రాధాన్యం ఇవ్వడం, తగ్గించడం రెండూ నిషిద్ధం. ప్రతి స్కూలు తన నిబంధనల ప్రకారం జాబితా తయారుచేస్తుంది. మీకు ఒకటికి మించి స్కూళ్లలో అర్హత వస్తే వాటిలో మీరు పైన రాసినదాన్ని కౌన్సిల్ ఇస్తుంది. అందుకని ఆశ ఉన్న స్కూలును భయంతో కిందికి దింపకండి. అదే సమయంలో, కచ్చితంగా దొరికే దగ్గరి స్కూలు ఒకదాన్ని చివరి గడిలోనైనా రాయండి. ఒకే స్కూలు రాసి మిగతా గళ్లు ఖాళీగా వదిలితే, ఆ స్కూలు దొరకనప్పుడు ఎక్కడో దూరాన సీట్లు మిగిలిన స్కూలు మీ వంతుకు వస్తుంది.

సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నది స్కూలు ప్రవేశ విధానంలో వరుసగా రాసి ఉంటుంది. ప్రత్యేక విద్యావసరాలున్న పిల్లలకు కౌన్సిల్ తయారుచేసే ఈహెచ్‌సీ ప్లాన్‌లో ఆ స్కూలు పేరున్న పిల్లలను ముందుగా చేర్చుకుంటారు. వారి దరఖాస్తు దారే వేరు, కౌన్సిల్‌లోని ప్రత్యేక అవసరాల విభాగం చూస్తుంది. తరువాత ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, గతంలో ఉండిన పిల్లలకు మొదటి ప్రాధాన్యం. అక్కడి నుంచి తోబుట్టువులు, ఆప్టిట్యూడ్ సీట్లు, క్యాచ్‌మెంట్ (స్కూలు తనదిగా గీసుకున్న ప్రాంతం), దూరం ఏ వరుసలో వస్తాయన్నది స్కూలుకో తీరు. దూరాన్ని కొన్నిచోట్ల సరళరేఖలో, కొన్నిచోట్ల నడకదారిలో కొలుస్తారు. గత సంవత్సరాల్లో చివరి సీటు ఎంత దూరంలో ఉన్న ఇంటికి వచ్చిందో చాలా కౌన్సిళ్లు ప్రకటిస్తాయి. మీ ఇంటి దూరాన్ని దానితో పోల్చి చూసుకుంటే ఆశ ఎంతుందో తెలుస్తుంది.

చిరునామా రుజువుగా కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అద్దె ఒప్పందం వంటివి అడగవచ్చు. సీటు కోసం బంధువుల ఇంటి చిరునామా ఇవ్వడం పెద్ద ప్రమాదం: మోసపూరిత దరఖాస్తు అని తేలితే ఇచ్చిన సీటును కూడా రద్దు చేసే అధికారం ఉంది, దానివల్ల నష్టపోయేది బిడ్డే. ఫారం పంపిన తరువాత వచ్చే నిర్ధారణ మెయిల్‌ను భద్రపరచండి. మధ్యలో ఏదైనా మార్చి మళ్లీ సబ్మిట్ నొక్కకపోతే దరఖాస్తు అసంపూర్ణంగా మిగిలిపోవచ్చు.

మార్చి 1 తరువాత

ఫలితాలు మార్చి 1న, అది సెలవు రోజైతే ఆ తరువాతి పనిదినాన వస్తాయి. వచ్చిన సీటును కౌన్సిల్ చెప్పిన తేదీలోగా అంగీకరించండి. కోరుకున్న స్కూలు రాకపోయినా ఇచ్చిన సీటును అంగీకరించడం వల్ల వెయిటింగ్ లిస్టులో మీ స్థానం తగ్గదు. ఆ లిస్టును స్కూలు కనీసం డిసెంబరు 31 దాకా కొనసాగించాలి; పేరు ఎప్పుడు చేరిందన్నది లెక్కలోకి రాదు, ప్రవేశ నిబంధనల వరుసే చూస్తారు. కనుక మీ తరువాత చేరిన దగ్గరింటి బిడ్డ మీకంటే పైకి వెళ్లవచ్చు.

తిరస్కరించిన ప్రతి స్కూలుపైనా అప్పీల్ చేసుకునే హక్కు ఉంది. లేఖ అందినప్పటి నుంచి కనీసం 20 స్కూలు పనిదినాల గడువు ఇవ్వాలి. విచారించేది స్కూలుతో సంబంధం లేని స్వతంత్ర ప్యానెల్. నిబంధనలు సరిగా అమలయ్యాయా, మరో బిడ్డను చేర్చుకుంటే స్కూలుకు ఇబ్బందా అన్నది ముందు చూసి, తరువాత ఆ ఇబ్బంది కంటే మీ బిడ్డ అవసరం ఎక్కువా అన్నది తూచి చూస్తారు. ఇక్కడ స్కూలు గొప్పతనం గురించి రాసిన పేజీలు పనిచేయవు. మీ బిడ్డ ఏ విద్యలో ఏ స్థాయిలో ఉన్నాడో టీచరు రాసిన లేఖ, మీకు సీటు వచ్చిన స్కూల్లో ఆ సబ్జెక్టు జీసీఎస్ఈ స్థాయిలో లేదని చూపే ఆధారం, మీరు కోరుతున్న స్కూల్లో అది ఉందని చూపే టైంటేబుల్ జతచేయండి. ఓపెన్ ఈవెనింగ్‌లో అడిగి తెచ్చుకున్న కాగితాలు అప్పుడు చేతిలో ఉండాలి.