ఇంగ్లిషు మాట పుట్టిల్లు – 4వ పాఠం: వారంటీ ఏ ఊరిది, గ్యారంటీ ఏ ఊరిది?

డేన్లు, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు, ఇంగ్లిషులో వదిలివెళ్లిన మాటలను ‘స్క’ శబ్దంతో గుర్తుపట్టడం కిందటి పాఠంలో చూశాం: స్కై, స్కిన్, స్కర్ట్. ఈసారి ఫ్రెంచి మాటలు. ఇంగ్లిషు నిండా ఫ్రెంచి మాటలేనని చాలామందికి తెలుసు. అవన్నీ ఒకే ఫ్రెంచి నుంచి రాలేదన్నది మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. ఏది ఏ ఫ్రెంచిదో చెవితో తేల్చడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

1066లో హేస్టింగ్స్ దగ్గర గెలిచి ఇంగ్లండు గద్దెనెక్కిన విలియం, ఫ్రాన్సు ఉత్తరాన ఉన్న నార్మండీకి డ్యూకు. అతని మనుషులు మాట్లాడింది ఫ్రెంచిలో ఉత్తరాది యాస. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. ఆ శతాబ్దంలోనే పారిస్ యాసకు పరపతి పెరిగింది. దాంతో రెండో విడత మాటలు దిగాయి. కొన్ని మాటలు రెండు విడతల్లోనూ, రెండు వేషాల్లో వచ్చాయి. మనకు కావలసింది ఆ జంటలే.

మొదటి గుర్తు: వ, గ. ఫ్రాంకులు గాల్‌ను, అంటే నేటి ఫ్రాన్సును, ఏలిన జర్మన్ జాతి జనం. వాళ్ల మాటల మొదట్లో ఉండే ‘వ’ను అక్కడి లాటిన్ మాట్లాడే జనం ‘గ్వ’గా పలికారు. పారిస్‌లో అది పోనుపోను ఉత్త ‘గ’ అయింది. నార్మండీలో ‘వ’ నిలిచింది. అందుకే ఆ రాజు ఇంగ్లండులో విలియం, ఫ్రాన్సులో గియోమ్. ఫ్రిజ్ కొన్నప్పుడు మనం అడిగే వారంటీ నార్మన్ల సొమ్ము. దాని తోబుట్టువు గ్యారంటీ ‘గ’ వైపుది, శతాబ్దాల తర్వాత ఇంగ్లిషులో చేరింది. హాస్టల్ వార్డెన్, ఫారంలో సంతకం పెట్టే గార్డియన్ కూడా ఇలాంటి జంటే.

ఇక్కడ తొందర పనికిరాదు. వాటర్, వుల్ఫ్, వర్డ్ అచ్చ ఇంగ్లిషు మాటలు. వీటికి ‘గ’ జంట లేదు. జంట దొరికినా ఒక్కోసారి దెబ్బ తింటాం. గార్డుకు జంటగా కనిపించే వార్డు, నార్మన్లు రాకముందు నుంచే ఇంగ్లండులో ఉంది. జంటను చూసి అనుమానపడండి, నిఘంటువు చూశాకే తీర్పు చెప్పండి.

రెండో గుర్తు: క, చ. లాటిన్‌లో ‘అ’కు ముందున్న ‘క’ పారిస్‌లో ‘చ’ అయింది, నార్మండీలో ‘క’గానే ఉండిపోయింది. క్రికెట్ చూసేవాళ్లకు ఉదాహరణ వెతకక్కర్లేదు: క్యాచ్, చేజ్. రెండింటికీ లాటిన్ మూలం ఒక్కటే. పశువులకు వాడే క్యాటిల్, చరాస్తికి వాడే చ్యాటెల్ కూడా అంతే. క్యాటిల్ అంటే మొదట్లో ఆస్తి. తర్వాతే అర్థం పశువుల దగ్గరికి కుదించుకుపోయింది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే తెలుగు లిపి దాన్ని దాచదు. ఇంగ్లిషు స్పెల్లింగులో ‘చ’కూ ‘ష’కూ రెండుచోట్లా అవే అక్షరాలు, ch. మనం మాత్రం చీఫ్ మినిస్టర్‌లో ‘చ’ రాస్తాం, హోటల్ షెఫ్‌కు ‘ష’ రాస్తాం. 13వ శతాబ్దంలో ఫ్రాన్సులో ‘చ’ కాస్తా ‘ష’ అయింది. అంతకుముందు సముద్రం దాటినవి పాత పలుకు నిలుపుకున్నాయి: చైర్, చాంబర్. తర్వాత వచ్చినవి కొత్త పలుకుతో వచ్చాయి: మెషిన్, షాంపేన్. షివల్రీ ఒక్కటి తిక్క మాట. పాత కాలంలోనే వచ్చినా, ఫ్రెంచి పలుకు చూసి తర్వాత ‘ష’లోకి మారింది.

అభ్యాసం: చార్జ్, బ్రోషర్, చాంపియన్, పారాచూట్. పాత ‘చ’వి ఏవి, కొత్త ‘ష’వి ఏవి? తెలుగు స్పెల్లింగును నమ్మకుండా ఇంగ్లిషు ఉచ్చారణ వినండి; ఈ నాలుగింటిలో ఒకదాన్ని మనం తప్పుగా పలుకుతున్నాం. జవాబులు 5వ పాఠంలో, చట్టం మాటలతో పాటు.