కారు ఏసీ మరమ్మతుకు పట్టే సమయాన్ని లెక్కగట్టడం ఎలా?

"సాయంత్రానికి ఇచ్చేస్తామండీ" అన్న మాట నమ్మి కారు వదిలి వచ్చాక, ఆ సాయంత్రం ఏ రోజుదో తేలక తిరిగేవారు ఎందరో. ఏసీ పనిలో భాగం మార్చడం చిటికెలో అయిపోవచ్చు. దాని దాకా చేరడానికే పూట గడుస్తుంది. అంచనా కట్టేటప్పుడు పట్టుకోవలసిన కీలకం ఇదే.

మొదట లోపం ఎక్కడుందో తేల్చే సమయాన్ని విడిగా రాసుకోండి. గాలి వేగం తగ్గితే కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, పది పదిహేను నిమిషాల పని. గాలి జోరుగా వస్తూ చల్లదనం లేకపోతే గేజ్‌లు తగిలించి గ్యాస్ ప్రెషర్ చూడాలి, లీకు వెతకాలి. దీనికి అరగంట నుంచి గంట వేసుకోండి. గొట్టం అతుకు దగ్గర నూనె జిడ్డు, దాని మీద పేరుకున్న దుమ్ము కనిపిస్తే వెతుకులాట తగ్గుతుంది, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) నూనె కూడా బయటికి వస్తుంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కాబట్టి లీకు చూడకుండా "గ్యాస్ నింపితే చాలు, అరగంట" అనేవారి అంచనాకు నేనైతే విలువ ఇవ్వను.

తర్వాత ఆ భాగానికి అడ్డుగా ఏమున్నాయో అడగండి. కంప్రెసర్‌కు సాధారణంగా రెండు మూడు గంటలు. గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు చాలా మోడళ్లలో ముందు బంపర్ విప్పాలి. అసలు పరీక్ష, కారు లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌ది. కొన్ని కార్లలో గ్లవ్‌బాక్స్ వైపు నుంచే లాగవచ్చు. చాలావాటిలో డాష్‌బోర్డు మొత్తం దించాలి, అంటే ఒక రోజు పోయినట్టే. ఎయిర్‌బ్యాగ్ ఉన్నందున ముందుగా బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగాలి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా ఊడదీయాలి. ఇక్కడ తొందరపెడితే తర్వాత గతుకుల రోడ్డు మీద డాష్‌బోర్డు కిటకిటలాడుతుంది.

గ్యాస్ మార్గం విప్పితే కొన్ని పనులు తప్పవు: పాత గ్యాస్‌ను యంత్రంలోకి లాగడం, అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చడం, వాక్యూమ్ పట్టడం (లోపలి గాలిని, తేమను పంపుతో లాగేయడం), బానెట్ కింది స్టిక్కర్ మీద ఉన్న బరువు ప్రకారం గ్యాస్ నింపడం. వాక్యూమ్‌కు కనీసం అరగంట ఇవ్వాలి. లోపల తేమ మిగిలితే మళ్లీ ఇదే వాకిట్లో నిలబడతారు.

కండెన్సర్ లీకు లెక్క చూద్దాం. లీకు వెతకడానికి 45 నిమిషాలు, గ్యాస్ లాగడానికి 20, బంపర్, కండెన్సర్ విప్పడానికి 60, బిగించడానికి 60, వాక్యూమ్‌కు 45, గ్యాస్ నింపి పరీక్షించడానికి 30. మొత్తం 260 నిమిషాలు. ఇందులో గ్యాస్ లాగడం, వాక్యూమ్ కలిపి 65 నిమిషాలు యంత్రం తన పని తాను చేసుకుపోయేవి. మెకానిక్ చేతి పని మూడుంబావు గంటలే. కూలి దేనికి వేస్తున్నారో బిల్లు కట్టకముందే అడగండి.

కంపెనీల ప్రామాణిక సమయాలు తుప్పు పట్టని కారుకు, చేతిలో అన్ని పనిముట్లూ ఉన్న వర్క్‌షాపుకు సరిపోతాయి. పాత కారైతే పావు వంతు కలపండి. కంప్రెసర్ లోపల విరిగి లోహపు పొడి గొట్టాల్లోకి పాకితే మాత్రం ఆ అంచనా చించేయాల్సిందే: మార్గమంతా కడగాలి, చాలాసార్లు కండెన్సర్ కూడా మార్చాలి. విడిభాగం రావడానికి పట్టే రోజులను ఈ లెక్కలో కలపకుండా పక్కన రాయించుకోండి.