వానలు పడేలోపు ల్యాండ్‌ఫిల్ లైనర్ పనిలో జాగ్రత్తలు

చెత్తను పూడ్చే ల్యాండ్‌ఫిల్ అడుగున, మురికినీరు నేలలోకి దిగకుండా వేసే లైనర్ ఒక్క పొర కాదు. కింద రోలర్‌తో తొక్కించిన బంకమట్టి, దాని మీద హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, షీటుకు దెబ్బ తగలకుండా మందపాటి జియోటెక్స్‌టైల్ అనే బట్ట, ఆపైన చెత్త నుంచి దిగే లీచేట్ అనే మురికినీటిని సంప్ (నీరు చేరే గుంట)లోకి లాగే కంకర, పైపులు. ఒక పొర మీద మరొకటి పడ్డాక కింది పొరలో జరిగిన తప్పు ఎవరికీ కనపడదు. ఏళ్లు గడిచాక చుట్టుపక్కల భూగర్భ జలంలో బయటపడుతుంది, అప్పుడు తవ్వి సరిచేయడం దాదాపు కుదరని పని. అందుకని పర్యవేక్షించే ఇంజనీరు ప్రతి దశలోనూ అడగాల్సింది ఒకటే: దీన్ని ఇప్పుడు కప్పేయవచ్చా? అవునని సంతకం పడేదాకా పై పొర సామాను దించకూడదని పని మొదలవకముందే కాంట్రాక్టరుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. మబ్బులు పట్టగానే అందరికీ తొందర పుడుతుంది, మొదట పక్కన పెట్టేది ఈ నియమాన్నే.

ఎంత విస్తీర్ణం తెరవాలన్నది తొలి నిర్ణయం. వానలకు ముందు కంకర పొర దాకా పూర్తి చేయగలిగినంత మేరకే బంకమట్టి వేయించండి. సగం సెల్ (ల్యాండ్‌ఫిల్‌లో ఒక విడతగా కట్టే భాగం) పూర్తిగా ముగిసి ఉండటం మేలు. సెల్ మొత్తం తెరిచి షీటు దశలో ఆగిపోతే వానాకాలమంతా దాన్ని కాపాడుకోవడమే పని అవుతుంది.

బంకమట్టి పొర

సాధారణంగా అడిగే హద్దు ఇది: నీరు ఇంకే వేగం సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతు దాటకూడదు. పైన నీళ్లు నిలవకుండా దానంతట అది దిగితే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లన్నమాట. మందం నిబంధనలను బట్టి 60 లేదా 90 సెంటీమీటర్లు ఉంటుంది.

ప్రాక్టర్ పరీక్షలో (ల్యాబులో మట్టిని రకరకాల తేమలతో తొక్కి చూసే పరీక్ష) వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చిందని సంబరపడి సంతకం పెట్టేయడం చాలా సైట్లలో జరిగే పొరపాటు. పొడిగా ఉన్న మట్టిని బరువైన రోలర్‌తో తొక్కిస్తే సాంద్రత వచ్చేస్తుంది, కానీ లోపల మట్టిపెళ్లలు పెళ్లలుగానే మిగిలి, వాటి సందుల్లోంచి నీరు దిగుతుంది. మట్టి పదును ప్రాక్టర్ పరీక్షలో తేలిన ఆప్టిమమ్ తేమ (గరిష్ఠ సాంద్రత వచ్చే తేమ) కన్నా 2 నుంచి 4 శాతం ఎక్కువగా ఉంటే పెళ్లలు నలిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి తేమ, సాంద్రత రెండూ కలిపి చూడండి. ఒకటి సరిపోయి మరొకటి సరిపోకపోతే ఆ భాగాన్ని ఒప్పుకోవద్దు.

ఈ మందాన్ని ఒకేసారి కాక పలుచటి పొరలుగా వేయాలి: ఒక్కో పొర వదులుగా పరిచినప్పుడు 20 నుంచి 22 సెంటీమీటర్లు, తొక్కించాక 15. రోలర్ డ్రమ్ముకు పాదాలు (పొడుచుకొచ్చిన దిమ్మలు) ఉండాలి, అవి కొత్త పొరను దాటి కింది పొరలోకి దిగాలి. నున్నటి డ్రమ్ముతో ఒక్కో పొరను తొక్కిస్తే పొరల మధ్య జాయింటు మిగులుతుంది. పై పొరలో చిన్న చీలిక పడినా, నీరు ఆ జాయింటు వెంట పాకి కింది పొరలోని ఇంకో చీలికను వెతుక్కుంటుంది. నున్నటి డ్రమ్ముకు వేరే పని ఉంది: సాయంత్రం ఆపేముందు, వాన వచ్చేముందు పైభాగాన్ని మూసి నీరు జారిపోయేలా చేయడం. మర్నాడు ఆ నునుపును గీరి గరుకుగా చేశాకే తర్వాతి పొర వేయాలి.

రెండు రోజులు గట్టిగా ఎండ కాస్తే నెర్రెలు పడతాయి. వాటి మీద నీళ్లు చల్లి మూసుకుపోయాయని చెప్పేవాళ్లుంటారు. మూసుకునేది పైపైనే. నెర్రె దిగినంత లోతూ దున్ని, పదును చేసి, మళ్లీ తొక్కించాల్సిందే. పరీక్షల కోసం చేసిన ప్రతి రంధ్రాన్నీ బెంటోనైట్‌తో (నీరు తగిలితే ఉబ్బే బంకమట్టి) కూరి పూడ్చండి. లేకపోతే నాణ్యత చూడటానికి చేసిన రంధ్రమే లీకేజీకి దారి అవుతుంది.

షీటు, అతుకులు

పరిచేముందు మట్టి మీద నడిచి మొనదేలిన రాళ్లు, వేర్లు చేత్తో ఏరించండి. హెచ్‌డీపీఈ వేడికి బాగా సాగుతుంది. 100 మీటర్ల షీటు 30 డిగ్రీల తేడాకు సుమారు అర మీటరు పెరుగుతుంది. మధ్యాహ్నం కనపడే అలలు అవే. వాటి మీద కంకర పడితే మడతలుగా నలిగి, ఆ మడత దగ్గరే ఏళ్ల తరబడి ఒత్తిడి మిగులుతుంది. కంకర పరచడం, గట్టు మీది యాంకర్ ట్రెంచ్ (షీటు అంచును పట్టి ఉంచే కందకం) పూడ్చడం షీటు చల్లబడి కుంచించుకుని ఉన్న తెల్లవారుజామున పెట్టుకోండి. గాలి కిందకు దూరకుండా తెరిచిన ప్రతి అంచు మీదా ఇసుక బస్తాలు వరసగా ఉండాలి. ఒక్క ఈదురుగాలి ఎకరం షీటును లేపి మడిచి పారేయగలదు.

అతుకులు వాలు వెంబడి పైనుంచి కిందికి ఉండాలి, వాలుకు అడ్డంగా కాదు. పొడవాటి అతుకులకు హాట్ వెడ్జ్ వెల్డింగ్ (వేడి లోహపు ముక్కతో షీట్లను కరిగించి, మధ్యలో సన్నని సందు వదిలి రెండు గీతలుగా అతకడం), పైపుల చుట్టూ, ప్యాచ్‌లకు ఎక్స్‌ట్రూజన్ వెల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అతుకు మీద పోయడం) చేస్తారు. రోజూ పని మొదలెట్టేముందు, మళ్లీ నాలుగైదు గంటలకోసారి, ఏ మిషనుతో ఏ మనిషి వెల్డు చేస్తాడో ఆ జోడీతోనే ముక్కల మీద ట్రయల్ వెల్డు చేయించి కోసి లాగి చూడండి. షీటు చిరగాలి, అతుకు విడిపోకూడదు. ఉదయపు చలిలో కుదిరిన వేడి, వేగం మధ్యాహ్నానికి కుదరవు. తుంపర పడుతున్నా, అంచుల మధ్య దుమ్ము, తడి ఉన్నా వెల్డింగ్ ఆపాల్సిందే. ఆ అతుకు పైకి బాగానే కనిపించి తర్వాత ఊడుతుంది.

రెండు గీతల మధ్య సందులోకి గాలి ఎక్కించే పరీక్ష ప్రతి అతుకుకూ చేయాలి. 1.5 మిల్లీమీటర్ల షీటుకు సుమారు 200 కిలోపాస్కల్ ఒత్తిడి, అది స్థిరపడ్డాక 5 నిమిషాలు చూడాలి, తగ్గుదల 20 కిలోపాస్కల్ దాటకూడదు. ఆఖరున రెండో కొసను కోసి గాలి బయటికి రావడం కళ్లారా చూడండి. రాకపోతే సందు మధ్యలో ఎక్కడో మూసుకుపోయిందని, పరీక్ష సగం అతుకుకే జరిగిందని అర్థం. ఈ ఆఖరి అడుగును వదిలేయడం చాలా మామూలైపోయింది. ఎక్స్‌ట్రూజన్ అతుకులకు సబ్బునీళ్లు పూసి వాక్యూమ్ బాక్స్ (లోపలి గాలిని లాగేసే పెట్టె) పెట్టి బుడగలు వస్తాయేమో చూస్తారు. ఇవి కాక సుమారు 150 మీటర్లకొకటి చొప్పున అతుకు ముక్క కోసి ల్యాబుకు పంపాలి.

వాలు మీద ఇంకో ప్రమాదం ఉంది, జారడం. 1988 మార్చిలో కాలిఫోర్నియాలోని కెటిల్‌మన్ హిల్స్‌లో చెత్త గుట్ట లైనర్ పొరల మీదుగా జారి, అడ్డంగా 10 మీటర్లకు పైగా కదిలిపోయింది. షీటుకూ తడి బంకమట్టికీ మధ్య పట్టు చాలా తక్కువ. డిజైన్‌లో ఈ పట్టును చెప్పే ఘర్షణ కోణాన్ని ఏదో పట్టికలోంచి తీసుకుంటే ఒప్పుకోవద్దు. సైట్‌కు వచ్చిన షీటు, అక్కడి మట్టి పెట్టి, తడి స్థితిలో షియర్ పరీక్ష (ఒకదాని మీద ఒకటి జార్చి పట్టు కొలిచే పరీక్ష) చేయించండి.

కంకర పరిచే రోజు

షీటుకు ఎక్కువ రంధ్రాలు పడేది వెల్డింగ్‌లో కాదు, పైన కంకర పరిచేటప్పుడు. అన్నిటికన్నా ఎక్కువ కాపలా కావాల్సిన రోజు అదే. అతుకులు అయిపోయాయి కదా అని ఇన్‌స్పెక్టర్లను వెనక్కి పిలిచేదీ సరిగ్గా ఆ రోజే, దీన్ని ఒప్పుకోకండి. షీటు మీదికి నేరుగా ఏ బండీ ఎక్కకూడదు. తేలికపాటి డోజర్ కింద కనీసం 30 సెంటీమీటర్లు, టిప్పర్లు తిరిగే దారిలో 90 సెంటీమీటర్ల కంకర మందం ఉండాలి. ఆ కంకర మీద కూడా డోజర్ అక్కడికక్కడే గిరుక్కున తిరగకూడదు. వాలు మీద కింది నుంచి పైకి నెట్టుకుంటూ వెళ్లాలి. పైనుంచి కిందికి తోస్తే బరువంతా షీటును లాగుతుంది. బ్లేడు ముందు ఒక మనిషి నడుస్తూ మడత లేస్తే వెంటనే ఆపించాలి. పరిచాక విద్యుత్ పద్ధతిలో లీక్ సర్వే (షీటు రంధ్రాల గుండా కరెంటు పోయే చోట్లను కనిపెట్టడం) చేయిస్తే కంకర కింద పడ్డ రంధ్రాలు కూడా దొరుకుతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఇంకేదైనా వదులుకోవచ్చేమో గానీ దీన్ని వదలొద్దు.

బంకమట్టి బదులు బెంటోనైట్ చాపలు (రెండు బట్టల మధ్య బెంటోనైట్ పెట్టిన రోల్స్) వాడుతుంటే, ఆ పూట కప్పగలిగినన్ని రోల్సే విప్పండి. పైన బరువు లేకుండా తడిసి ఉబ్బిన చాపను తీసేసి కొత్తది వేయాల్సిందే.

మొదటి వాన నాటికి చెత్త వేసిన భాగానికీ ఖాళీ భాగానికీ మధ్య కట్ట ఉండాలి. లేకపోతే శుభ్రమైన వాననీరంతా లీచేట్‌తో కలిసి, శుద్ధి చేయాల్సిన నీరు ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. లైనర్ మీద లీచేట్ లోతు 30 సెంటీమీటర్లు దాటకూడదన్నది డిజైన్ హద్దు కాబట్టి సంప్‌లో లెవెల్ మీటరు, రెండో పంపు, దానికి కరెంటు పోయినా నడిచే జనరేటరు ముందే పెట్టించి, నీళ్లు పోసి నడిపి చూడండి. ముగియని అంచు వెంట బంకమట్టిని అరిగిపోని షీటుతో కప్పి బస్తాలు పెట్టించండి. వాన వెలిశాక ఆ అంచున కనీసం ఒక మీటరు వెడల్పు మట్టిని తీసేసి, మెట్లుగా కోసి, కొత్త మట్టితో కలిపాకే పక్క సెల్ పని మొదలవ్వాలి.