రేయాన్ జారకుండా కత్తిరించాలంటే

లూజు షర్టుకని రేయాన్ మీద పేపరు కటింగ్ పరిచి కత్తెర పెట్టగానే కింది పొర జారిపోతుంది. షర్టు ముందు భాగం ముక్కలు రెండూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి.

గుడ్డని ముందు మామూలు నీళ్లలో తడిపి ఆరేయండి, కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది. తర్వాత 2 మీటర్లకి 1 గ్లాసు చిక్కటి అన్నం గంజి (వడకట్టాలి, మెతుకు అంటుకుంటే ఇస్త్రీకి మాడుతుంది) 3 లీటర్ల నీళ్లలో కలిపి ముంచండి. మెలితిప్పి పిండొద్దు. కాస్త తడి ఉండగానే నిలువు పోగు (గుడ్డ పొడుగునా వెళ్లే దారం) వెంబడి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. పేపరు కటింగ్ కదలకుండా గుండుసూదుల కన్నా పప్పు డబ్బాలు బరువు పెట్టడమే మేలు.

వైజాగ్‌లో వానాకాలం సముద్రపు గాలికి గంజి సాయంత్రానికే మెత్తబడుతుంది, ఇస్త్రీ చేసిన పూటే కత్తిరించేయాలి. పట్టుకి మాత్రం గంజి వద్దు, మరకలు పడతాయి.