అలస్కాలో గైడ్‌తో వేటకు బయల్దేరే ముందు

అలస్కాలో మూస్ (జింక జాతిలో అన్నిటికన్నా పెద్ద జంతువు) వేటకు బుక్ చేసుకున్నవాళ్లు నెలల తరబడి రైఫిల్ గురించే మాట్లాడుకుంటారు. ఏ స్కోపు, ఏ తూటా, ఎంత దూరం నుంచి కొట్టొచ్చు, ఇవే కబుర్లు. ప్రయాణం సంగతి అడిగితే మాత్రం ‘యాంకరేజ్ దాకా టికెట్ తీసుకున్నాం, అక్కణ్నుంచి గైడ్ చూసుకుంటాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నన్నడిగితే అసలు ప్రమాదమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. బెతెల్, డిల్లింగ్‌హామ్, మెక్‌గ్రాత్ లాంటి ఊళ్లకు యాంకరేజ్ నుంచి రోడ్డు లేదు, విమానంలో వెళ్లాల్సిందే. అక్కణ్నుంచి క్యాంపుకు ఇంకా చిన్న విమానం. అది చెరువులోనో, నది ఒడ్డున ఇసుక మేట మీదో దిగుతుంది. ఈ చివరి అంచె టైమ్‌టేబుల్‌ని బట్టి నడవదు. మబ్బుని బట్టి నడుస్తుంది.

అందుకే ముందు రోజుల లెక్క చూసుకోండి. వేట పది రోజులైతే సెలవు పది రోజులు పెడితే చాలదు. ముందు రెండు, వెనక కనీసం మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. సెప్టెంబరులో అక్కడ పొగమంచు ఒకసారి దిగిందంటే ఎప్పుడు విడుస్తుందో ఎవరూ చెప్పలేరు. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. ‘సోమవారం వచ్చేస్తాను’ అని ఆఫీసులోనూ ఇంట్లోనూ మాట ఇవ్వకండి.

ఇది సౌకర్యం కోసం చెప్పే మాట కాదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వెనక ఒక్క రోజే ఉంచుకున్నాను. పొగమంచు మూడు రోజులు కూర్చుంది. రెండో రోజుకే నాకు టెన్షన్ మొదలై, శాటిలైట్ ఫోన్‌లో పైలట్‌ని ఐదుసార్లు అడిగాను, కాస్త తగ్గినట్టుంది కదా, ప్రయత్నించకూడదా అని. ఆయన మెత్తబడలేదు కాబట్టి సరిపోయింది. మెత్తబడే పైలట్ అయ్యుంటే? ఆ ఖాళీ రోజులు ఉండేది ఇందుకే. పైలట్ ‘ఇవాళ కుదరదు’ అంటే ‘సరే’ అనగలిగే పరిస్థితిలో మీరు ఉండాలి. అలస్కా చట్టం ప్రకారం అక్కడ ఎగిరే చిన్న విమానంలో ప్రాణం నిలిపే తిండి, నిప్పు రాజేసే సరంజామా లాంటివి ఉండాలి. ఎక్కడో చిక్కుకుపోతారని చట్టమే ముందుగా అనుకుంటోందన్నమాట.

దిగిన రోజును వేట రోజుగా లెక్కేసుకోకండి. ఇలాంటి చిన్న విమానంలో వెళ్లినవాళ్లు మూస్‌తో సహా పెద్ద జంతువుల్లో చాలావాటిని మర్నాడు తెల్లవారుజాము 3 గంటలయ్యేదాకా వేటాడకూడదు.

గైడ్ విషయం. గోధుమ ఎలుగుబంటికీ, డాల్ అనే అడవి గొర్రెకీ, కొండమేకకీ వెళ్లే బయటి రాష్ట్రాల పౌరులకు గైడ్ తప్పనిసరి, లేదంటే అలస్కాలో ఉండే దగ్గరి బంధువు వెంట ఉండాలి. అమెరికా పౌరులు కాక, శాశ్వత నివాసం కూడా అమెరికాలో లేనివాళ్లకైతే ఏ పెద్ద జంతువుకైనా గైడ్ ఉండాల్సిందే. ఇక్కడ చాలామంది పొరబడేది ట్రాన్స్‌పోర్టర్ దగ్గర. వాళ్లకూ లైసెన్సు ఉంటుంది, విమానంలో దింపి మళ్లీ ఎక్కించుకొస్తారు, కానీ పక్కన ఉండి వేట చేయించడానికి వీల్లేదు. రేటు తక్కువగా కనబడితే ముందు ఈ తేడా చూడండి. రిజిస్టర్డ్ గైడా కాదా అని రాష్ట్ర ప్రభుత్వ రికార్డుల్లో వెతకొచ్చు. ఒప్పందం కాగితం మీద ఉండాలి. వాతావరణం వల్ల పోయిన రోజులు ఎవరి ఖాతాలో పడతాయి, మాంసం మోసే విమానం ట్రిప్పులకు డబ్బు ఎవరు కట్టాలి, ఈ రెండూ అందులో రాయించుకోండి. అడగడానికి మొహమాటపడితే తర్వాత గొడవ పడాల్సి వస్తుంది.

సామాను దగ్గరికొస్తే, బరువు విషయంలో బతిమాలి ప్రయోజనం లేదు. మనిషికి 50, 60 పౌండ్లు, అంటే పాతిక కిలోలకు అటూ ఇటూగా పరిమితి పెట్టడం మామూలే. మీదెంతో గైడ్‌ని ముందే అడిగి, ఇంట్లోనే కాటాలో తూచుకోండి. మీ ఒంటి బరువు అడిగితే నిజం చెప్పండి, అదీ బూట్లు, జాకెట్‌తో సహా. సిగ్గుపడి పది కిలోలు తగ్గించి చెబితే పైలట్ లెక్క తప్పుతుంది. చక్రాల సూట్‌కేసులు వద్దు. విమానం తోకలో ఇరికించడానికి మెత్తటి డఫెల్ బ్యాగులే పనికొస్తాయి. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవైతే ఇంకా మేలు. వేట బూట్లు కాళ్లకే వేసుకుని బయల్దేరండి. మందులు, కళ్లజోడు, వాన కోటు చేతి సంచిలో ఉంచుకోండి. మిగతా సామాను దారిలో తప్పిపోయినా బండి నడుస్తుంది, అరిగి అలవాటైన బూట్లు పోతే మాత్రం వేట అక్కడితో సరి. నూలు జీన్సు, నూలు బనియన్లు తడిస్తే ఆరవు, చలికి ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని బట్టలే తీసుకెళ్లండి.

రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. కౌంటర్ దగ్గర నోరు తెరిచి చెప్పాలి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. తూటాలు కంపెనీ అట్టపెట్టెలోనే ఉండనివ్వండి. చాలా ఎయిర్‌లైన్స్ 11 పౌండ్లకు మించి ఒప్పుకోవు. మధ్యలో ఎయిర్‌లైన్ మారితే పెట్టె తీసుకుని రెండో కౌంటర్‌లో మళ్లీ చెప్పాల్సి రావచ్చు కాబట్టి కనెక్షన్‌కి గంట సరిపోదు. ఇంకో సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ఆ గట్టి పెట్టె చిన్న విమానంలో పట్టకపోవచ్చు. అందుకని ఒక మెత్తటి గన్ కవర్ మడిచి వెంట పెట్టుకుని, పెట్టెని ఊళ్లోనే వదిలేసి వెళ్లండి. క్యాంపుకు చేరాక గైడ్ ఒప్పుకుంటే రెండు మూడు గుళ్లు పేల్చి గురి చూసుకోండి. ఇన్ని చేతులు మారిన స్కోపుని నమ్మడానికి లేదు.

వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్సు చేతికి రాకముందు స్నేహితుడి రైఫిల్ కూడా ముట్టుకోవద్దు. సందేహం ఉంటే లాయర్‌ని అడగండి, వేట గ్రూపుల్లో కాదు. కెనడా మీదుగా కారులో వెళ్లేవాళ్లు సరిహద్దులో రైఫిల్‌కి డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. సంతకం మాత్రం అధికారి ఎదురుగానే పెట్టాలి. పిస్తోలు ఆ దారిన తీసుకెళ్లే ఆలోచన మానుకోండి.

బేర్ స్ప్రే (ఎలుగుబంటిని తరిమే కారం స్ప్రే), స్టవ్ గ్యాస్ డబ్బాలు పాసింజర్ విమానంలో ఏ సంచిలోనూ ఎక్కించకూడదు. అక్కడే కొనుక్కోండి. చిన్న విమానం ఎక్కేటప్పుడు స్ప్రే ఉందని పైలట్‌కి చెప్పాలి, ఆయన దాన్ని బయట, నీటి మీద దిగడానికి విమానం కింద ఉండే తేలే తొట్టిలోనో మరోచోటో పెడతాడు. అది క్యాబిన్‌లో పేలితే విమానం నడిపేవాడికి కళ్లు కనిపించవు.

క్యాంపులో మామూలు ఫోన్ పనిచేయదు. గైడ్ దగ్గర శాటిలైట్ పరికరం ఉన్నా మీకొకటి ఉండాలి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిదైనా చాలు, కానీ ప్లాన్ యాక్టివేట్ చేసి, ఇంట్లోనే ఒక మెసేజ్ పంపి చూసుకోండి. ఇన్సూరెన్స్‌లో అడవి నుంచి బయటికి తేవడం, ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తరలించడం వేరు వేరు. మొదటిది ఉందో లేదో చదివి చూడండి. గుండెకో, మోకాలికో ఏదైనా ఇబ్బంది ఉంటే గైడ్‌కి ముందే చెప్పండి.

ఇక తిరుగు ప్రయాణం. ఇక్కడే బోలెడంత బరువు కొత్తగా వచ్చిపడుతుంది. పెద్ద మగ మూస్ 1,600 పౌండ్ల దాకా తూగుతుంది, దాన్నుంచి తినే మాంసమే 500 పౌండ్లు రావచ్చు. సూపర్ కబ్ అనే చిన్న విమానంలో పైలట్ కాక ఒక్క మనిషికే చోటు. అంటే మాంసానికి చాలా ట్రిప్పులు పడతాయి, ఒక్కో ట్రిప్పుకీ మళ్లీ వాతావరణం కలిసిరావాలి. తినే మాంసం అక్కడే వదిలేస్తే నేరం. మాంసం కంటే ముందు కొమ్ములు తరలించినా నేరమే. గాలాడే గుడ్డ సంచుల్లో వేసి, నేలకు ఆనకుండా, తడవకుండా వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచుల్లో పెడితే పుల్లగా వాసన పట్టిపోతుంది. ఊళ్లో ఫ్రీజర్ దొరుకుతుందో లేదో వెళ్లకముందే ఫోన్ చేసి కనుక్కోండి. సగం ఎవరికైనా ఇచ్చేస్తే, ఇచ్చినట్టు ఫారం రాసి సంతకాలు చేయాలి. గోధుమ ఎలుగుబంటి అయితే తోలు, పుర్రె ప్రభుత్వ అధికారి దగ్గర సీల్ (గుర్తింపు ట్యాగు) చేయించాలి, అమెరికా దాటించాలంటే సైటిస్ (అడవి జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ కూడా కావాలి. మూస్ కొమ్ములకు సైటిస్ బాధ లేదు గానీ, వాటిని ఒప్పుకునే ఎయిర్‌లైన్ ఏదో, ఎలా చుట్టి తేవాలో టికెట్ కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి.